రంగు ఆమెది, తాళంచెవి ఎవరిది?

కొండపల్లి బొమ్మలు ఇవాళ ఇంటర్నెట్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఏనుగు అంబారీ, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి ఇలా ఏది కావాలన్నా ఫోనుమీద వేలు ఆనిస్తే చాలు, బెంగుళూరుకైనా అమెరికాకైనా చేరుతుంది. దళారీ బెడద పోయింది, చేతివృత్తి బతికింది అంటున్నారు. బతికితే సంతోషమే. కానీ ఒక ప్రశ్న అడగక తప్పదు. ఆ వెబ్‌సైటుకు వచ్చిన డబ్బు ఎవరి పేరుమీద జమ అవుతోంది?

బొమ్మ ఎలా తయారవుతుందో మనకు తెలియనిది కాదు. తెల్లపొణికి కర్ర తెచ్చి, ఆరబెట్టి, చెక్కే పని ఎక్కువగా మగవాళ్ళు చేస్తారు. చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికించి, సున్నం పూత పూసి, రంగులు దిద్దే దగ్గర ఆడవాళ్ళ చేతులే ఎక్కువ. వంట, పిల్లలు, నీళ్ళు, ముసలివాళ్ళ సేవ, వీటన్నిటి మధ్యే ఆ పనీ జరుగుతుంది. అందుకే దాన్ని ఎవరూ పని అనరు, ఇంట్లో సాయం అంటారు. సాయానికి కూలీ ఉండదు, పేరూ ఉండదు. ఇది పాత అన్యాయమే. ఆ పాత అన్యాయాన్ని ఇప్పుడు కంప్యూటరు లెక్కల్లోకి ఎక్కించి స్థిరం చేస్తున్నారు. మనం గమనించవలసింది ఇదే.

ఎలాగో చూద్దాం. వ్యాపారి వెబ్‌సైటు తన పనులన్నీ తాను చేసుకోదు. డబ్బు తీసుకోవడానికి ఒక చెల్లింపు సంస్థ, పార్సెలు పంపడానికి ఒక కొరియర్ సంస్థ, ఫోనుకు ఓటీపీ పంపడానికి ఇంకొక సంస్థ, దారి చూపడానికి మరొకరి మ్యాపు. ఒక కంపెనీ కంప్యూటరును ఇంకొక కంపెనీ కంప్యూటరు సేవ అడగడానికి పెట్టిన ఈ ద్వారాన్నే ఏపీఐ అంటారు. ఆ ద్వారం తెరవాలంటే ఒక తాళంచెవి ఇస్తారు. అది అంకెలు, అక్షరాలు కలిసిన ఒక పొడుగాటి రహస్య సంకేతం. అది ఎవరి పేరున ఉంటే ఆ కంపెనీ దృష్టిలో వాళ్ళే వ్యాపారి. మిగిలినవాళ్ళు ఆ లెక్కలో లేనట్టే.

ఇప్పుడు ఒక్కొక్క ద్వారం దగ్గర ఏమడుగుతున్నారో చూడండి. చెల్లింపు సంస్థ పాన్ నంబరు, బ్యాంకు ఖాతా, వ్యాపారం పేరు అడుగుతుంది. కొరియర్ సంస్థ సరుకు ఎత్తే చిరునామా, ఫోను నంబరు అడుగుతుంది. ఓటీపీ ఒక ఫోనుకే వస్తుంది. ఇంట్లో ఈ కాగితాలూ ఫోనూ ఎవరి చేతిలో ఉంటాయి? 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు సుమారు 49 శాతం. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు 49 శాతం దాకా ఉంటే, స్త్రీలు 21 శాతమే. ఫోను తన చేతిలో లేని మనిషికి ఓటీపీ వస్తే అది ఎవరికి వచ్చినట్టు?

ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. “ఇది టెక్నికల్ విషయమండీ, మీకు అర్థం కాదు. యంత్రానికి ఆడా మగా తేడా లేదు.” యంత్రానికి తేడా లేకపోవచ్చు. యంత్రాన్ని అమర్చిన మనిషికి ఉంది కదా! వెబ్‌సైటు కట్టేరోజున ఖాతా ఎవరి పేరున తెరవాలో నిర్ణయించింది మనిషే. డబ్బంతా ఒకే ఖాతాకు పోవాలన్నదీ మనిషే. బొమ్మ విరిగిందని కొన్నవాళ్ళు వెనక్కి పంపితే, దుకాణం ఖాతాలోంచి డబ్బు తిరిగి పోయే ఏర్పాటు చేసిందీ మనిషే. ఆ నష్టాన్ని చివరికి ఎవరి కూలీలోంచి కోస్తారన్నది ఏ తెరమీదా కనిపించదు. నిర్ణయాలు మనుషులవి, నింద యంత్రానిదీనా?

“ఆడవాళ్ళకు ఖాతాలు ఎక్కడున్నాయి, డబ్బు ఎలా వేస్తాం?” అన్నది రెండో సాకు. అదే సర్వేలో మన రాష్ట్రంలో తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు దాదాపు 82 శాతం. డ్వాక్రా సంఘాలు మూడు దశాబ్దాలకు పైగా పొదుపు చేసి, బ్యాంకు గుమ్మాలెక్కి సాధించిన సంగతి ఇది. ఖాతా ఉంది, ఆ ఖాతాకు దారే వేయలేదు. వేయడం కష్టమా? ఒకే చెల్లింపును విడగొట్టి పలువురి ఖాతాలకు పంపే ఏర్పాటు ఈ చెల్లింపు సంస్థల దగ్గరే ఉంది. పెద్ద ఇంటర్నెట్ అంగళ్ళు ఎందరో అమ్మకందారులకు అలాగే పంచుతున్నాయి. కంపెనీకీ కంపెనీకీ మధ్య పనికొచ్చే వసతి మొగుడికీ పెళ్ళానికీ మధ్య, దుకాణదారుకీ రంగులు వేసే మనిషికీ మధ్య పనికిరాకుండా పోతుందా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బొమ్మ అమ్ముడైనప్పుడే వాటా అంటే, అమ్ముడయ్యేదాకా ఆమె పస్తుండాలని కాదు. రంగు వేసిన రోజు కూలీ ఆ రోజే రావాలి. అమ్మకంలో వాటా దానిమీద అదనం. కూలీ ఎగ్గొట్టి వాటా చూపించే మోసానికి మనం ఒప్పుకోకూడదు.

ఇక తాళంచెవి పరాయివాడి చేతిలో ఉంటే ఏమవుతుందో వ్యాపారులకే బాగా తెలుసు. 2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు యెస్ బ్యాంకుమీద ఆంక్షలు పెట్టగానే, ఆ బ్యాంకుమీద ఆధారపడిన ఫోన్‌పే చెల్లింపులు ఆగిపోయాయి. 2018లో గూగుల్ తన మ్యాపుల ధరలు మార్చి, మ్యాపు వాడే ప్రతి వెబ్‌సైటూ చెల్లింపు ఖాతా జతచేయాలంది. అలా చేయని వెబ్‌సైట్లలో మ్యాపులు మసకబారాయి. అప్పుడు వ్యాపారులు గగ్గోలు పెట్టారు. మా బతుకు ఇంకొకరి మీటమీద ఆధారపడి ఉందే అని వాపోయారు. న్యాయమైన బాధే. మరి ఆ వ్యాపారి మీటమీద ఆధారపడి బతికే ఆడమనిషి బాధ మాటేమిటి? పైవాడు తనను నొక్కితే అన్యాయం, తాను కిందివాళ్ళను నొక్కితే వ్యాపారమా?

చట్టం ఏమంటోంది? రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో చెల్లింపు సంస్థలకు నియమాలు పెట్టింది. కొన్నవారి డబ్బు ఎస్క్రో ఖాతాలో భద్రంగా ఉండాలి, వ్యాపారికి గడువులోగా చేరాలి. కొన్నవారికి రక్షణ, వ్యాపారికి రక్షణ. చేసినవారి ఊసే లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకొక మంచిమాట చెప్పింది. సమాచారాన్ని వేరే సంస్థచేత పని చేయించినా సరే, బాధ్యత దాన్ని సేకరించిన వ్యాపారిదే, తప్పు పక్కవాడిదని తప్పుకోవడానికి వీల్లేదు. ఇదే సూత్రం శ్రమకు ఎందుకు వర్తించదు? కొన్నావిడ ఫోను నంబరుకు ఉన్నపాటి విలువ రంగు వేసినావిడ కూలీకి లేదా? ఇంటి దగ్గర పనిచేసేవారిని మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక చేసింది. మన దేశం ఇంతవరకూ దానికి ఆమోదం తెలపలేదు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడగాలి. చేతివృత్తుల సరుకు అమ్మే ప్రతి వెబ్‌సైటూ, ముందుగా ప్రభుత్వ లేపాక్షి సంస్థ, బొమ్మ తయారీలో పాల్గొన్న స్త్రీల పేర్లు నమోదు చేయాలి. కుటుంబం నడిపే వ్యాపారమైతే చెల్లింపు ఖాతాలో స్త్రీ కూడా భాగస్వామిగా ఉండాలి, తాళంచెవి మార్చే అధికారం ఇద్దరికీ ఉండాలి. ఆమె వాటా నేరుగా ఆమె ఖాతాకే పోవాలి. డబ్బు పడిన సమాచారం ఆమె నంబరుకు తెలుగులో రావాలి, చదవలేనివారికి మాటగా వినిపించాలి. మామూలు ఫోనుతో చెల్లింపులు చేసే యూపీఐ 123పే 2022 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే వచ్చింది కనుక స్మార్ట్‌ఫోను లేదన్న వంక కూడా చెల్లదు. దారిలో విరిగిన బొమ్మ నష్టం కూలీలోంచి కోయకూడదు.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. సంఘాల్లో లెక్కలు రాసే అక్కలు, కంప్యూటరు చదువులు చదువుతున్న మన ఆడపిల్లలు కలిసి కూర్చుంటే ఈ ద్వారాలు ఎలా తెరుచుకుంటాయో నేర్చుకోవడం పెద్ద పనేమీ కాదు. బ్యాంకు పుస్తకం చదవడం మనకు రాదన్నారు, నేర్చుకున్నాం. ఇదీ నేర్చుకుంటాం. ఈలోగా, మీ ఊళ్ళో ఎవరైనా మన చేతిపనులకు వెబ్‌సైటు పెట్టామని గొప్పగా చెబితే, బాగుందని మెచ్చుకోండి. వెంటనే ఖాతా ఎవరి పేరున ఉందని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడినుంచి కదలకండి.