నూతి యడుగుననున్న గుహ

గుహ యనగానే మన సోదరీమణులలో ననేకులకు పురాణకథలు జ్ఞప్తికి వచ్చును. ఋషి తపస్సు చేయుటకు గుహ కావలెను. జాంబవంతుడు శమంతకమణిని దాచుటకును గుహయే కావలెను. కోడూరువంటి యూళ్లలో కాపురముండువారికి మాత్రము గుహ కథలో వినదగినదే గాని కంట చూడదగినది కాదు. దివిసీమలో కొండ లేదు. కొండమాట యటుండగా, పచ్చడి నూరు రోలును గూడ పైసీమనుండి తెచ్చుకొనవలసినదే. కృష్ణమ్మ పోసిన యొండ్రుమన్నును, సముద్రము త్రోసిన యిసుకయు దప్ప వేరొకటి లేని నేల యిది. అట్టి వారికి గుహలలోని జీవులను గూర్చి చెప్పబూనుట యేల యని మీ రడుగవచ్చును. గుహ మీ పెరటిలోనే యున్నదనియు, మీరు చేదవేయుచున్నది దాని వాకిటనే యనియు మేము చెప్పదలచితిమి. అయితే దాని నెరుగుటకు ముందు కొంచెము కొండసీమలకు పోయి రావలెను.

ఉండవల్లి గుహలు మనకు దగ్గరివే గాని అవి మనుష్యులు ఉలితో తొలిచినవి. నీరు తానై తొలిచినవానిలో మన రాష్ట్రమున ప్రసిద్ధములు రెండు: అనంతగిరి కొండలలోని బొర్రా గుహలు, నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు. వాననీరు మట్టిలో నింకునపుడు బొగ్గుపులుసు వాయువును గలుపుకొని కొంచెము పులియును. ఆ పులుపు సున్నపురాతిని వేలవేల యేండ్లు నాకి నాకి సొరంగములు చేయును. నిమ్మరసపు చుక్క సున్నపురాతి ముగ్గుపై బడిన బుసబుసమని పొంగుట మీలో కొందరు చూచియే యుందురు; గుహ పుట్టుటయు నట్టిదే, మిక్కిలి మెల్లగా జరుగును. బెలుం గుహలను గూర్చి 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూతత్త్వవేత్త వ్రాసెను. పిమ్మట సుమారు 100 ఏండ్లకు, 1982, 1983 సంవత్సరములలో, గెబాయెర్ అను జర్మను దేశస్థుడు లోపల ప్రాకి కొలతలు తీసెను. వాని పొడవు 3,229 మీటర్లు. లోపల పాతాళగంగ యను నీటిపాయ కలదు. 2002నుండి యాత్రికులు పోయి చూచుచున్నారు.

ఇట్టిచోట నేమి బ్రదుకును? సూర్యుడు లేడు కావున ఆకు లేదు. ఆకు లేనిచోట తిండి లేదు. అంతయు బయటినుండి రావలసినదే. గబ్బిలము రాత్రి బయట మేసి పగలు లోపల వేసిన పెంటయే పెక్కు పురుగులకు విందుభోజనము. వరద త్రోసికొని వచ్చిన ఆకు, పుల్ల, కుళ్లు తక్కినవానికి గ్రాసము. ఇంత పేదయింట బ్రదుకువారు దుబారా చేయరు గదా. చీకటిలో కన్ను దండుగ గనుక తరతరములకు కన్ను పోయినది. రంగు చూచువారు లేరు గనుక రంగును పోయినది. కన్నులకు మారు మీసములును కాళ్లును పొడవైనవి. కొన్ని గ్రుడ్లు మాత్రమే పెట్టి, నెమ్మదిగా పెరిగి, చిన్న దేహమునకు తగనంత దీర్ఘకాలము బ్రదుకును. గుహ లోతులలోని వేడిమి బయట సంవత్సరము పొడుగునను గల వేడిమికి సగటుగా నుండి, ఎండకాలమనియు చలికాలమనియు భేద మెరుగదు. ఆ నిలుకడకు అలవాటుపడిన ప్రాణి మార్పును సహింపలేదు. భూమి వేడెక్కుచున్న యీకాలమున ఆ సగటు పెరిగి గుహలోనికిని మెల్లగా దిగును. వాన తప్పినయేడు కప్పునుండి చినుకు తగ్గును.

మనుష్యుని చేత వచ్చు మార్పు అంత మెల్లగా రాదు. చూడవచ్చువారి కొరకు వెలిగించిన దీపముల వద్ద రాతిపై పచ్చని పాచి పుట్టుట లోకమున పెక్కు గుహలలో కనబడినది. గుహకు ఆకుపచ్చ యనునది అపరిచితము. చూచువారు లేనప్పుడు దీపము లార్పవలెనని మా యభిప్రాయము. ఇంటిలో ఖాళీగదికి దీపము పెట్టని మనకు దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. బొర్రాకు గనుల భయమును వచ్చినది. ఆ ప్రాంతపు గిరిజన గ్రామములలో గనులకై గిరిజనేతరులకును, ప్రైవేటు కంపెనీలకును ఇచ్చిన కౌళ్లు చెల్లవని 1997 జులైలో సుప్రీముకోర్టు ‘సమత’ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. గిరిజనుల భూమి హక్కును నిలిపిన యా తీర్పు, గుహ పరిసరములకును మేలే చేసినదని మేము తలచెదము.

ఇక మన నూతికి వత్తము. బస్తరు అడవులలో కోటంసర్ అను గుహ కలదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రవేత్త వై. రంగారెడ్డిగారు ఆ గుహనీటిలో దొరకిన యొక సూక్ష్మజీవిని 2006లో వర్ణించిరి. అది రొయ్యకు దూరపు చుట్టము. దారపు తునుకవలె తెల్లగా, నువ్వుగింజలో సగము పొడవైన నుండునో లేదో. కన్నులు లేవు. ఈ జాతివానిని బాతినెల్లా లందురు. వింత యేమనగా, ఆయనయు నాయన శిష్యులును ఇట్టి జీవులనే కృష్ణాగోదావరుల డెల్టాలందును, తీరపు పట్టీయందును, బోరునీటిలోను నదుల యిసుకలోను పెక్కింటిని కనుగొనిరి. అచ్చట గుహ లేదే! గుహ లేకున్నను చీకటి కలదు. ఇసుకరేణువునకును రేణువునకును నడుమనున్న సందు మనకు సందుగాని యా ప్రాణికి మండపము. నీటితో నిండిన యిసుకపొర యంతయు ఆమడల పొడవున వ్యాపించిన గుహయే. నూయి దానికి మనము పెట్టిన గవాక్షము.

వీని పుట్టుపూర్వోత్తరములు మరియు చిత్రమైనవి. రంగారెడ్డిగారు 2002లో ఒకదానికి నాగార్జునుని పేర ‘హాబ్రోబాతినెల్లా నాగార్జునై’ యని పేరిడిరి. దాని దాయాదులు సముద్రముల కావల మడగాస్కరు ద్వీపమున కలవు. కన్నులేని మరియొక నేలనీటి పురుగును 2011లో ఆయన విల్సన్ అను శాస్త్రజ్ఞునితో గూడి వర్ణించి, మన దేశము పేరు వచ్చునట్లు ‘ఆంధ్రకాయిడీస్’ అని పిలిచిరి. దాని చుట్టములు కాశీ బావులలోను, ఆస్ట్రేలియాలోను ఉన్నారు. సముద్ర మీదజాలని యీ యల్పప్రాణులు అంతదూరము పోయిన వెట్లు? అవి పోలేదు, నేలయే పోయినది. ఒకప్పుడు ఇండియా, మడగాస్కరు, ఆస్ట్రేలియాలు ఒకే ఖండమై యుండెను. ఆ ఖండమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా యను పేరు మన గోండుల సీమదే. అది కోట్ల యేండ్ల క్రిందట చీలినప్పుడు ఈ జీవులు తమ తమ తునుకలపై నిలిచిపోయినవి. రాజవంశములు తమ ప్రాచీనతను శాసనములలో చెప్పుకొనునే, ఈ పురుగుల ప్రాచీనత ముందర అవి యెంత!

ఇట్టి ప్రాణులు బాతినెల్లాలలో నెక్కువవి మంచినీటివే. ఉప్పు వచ్చిన లేచిపోవుటకు రెక్కలు లేవు. గ్రుడ్డును గాలిలో నెగురవేయలేవు. దివిసీమకు ఈ సంగతి యెంత దగ్గరిదో చూడుడు. సముద్రపునీరు బరువు, మంచినీరు తేలిక. తీరపు నేలలో మంచినీరు ఉప్పునీటిపై, పప్పుచారుపై నేయి తేలినట్లు, పలుచగా తేలుచుండును. సముద్రమట్టమునకు పైన మంచినీరు 1 అడుగు నిలిచియుండిన, క్రింద సుమారు 40 అడుగుల వరకు మంచినీరుండునని యింజనీర్లు 100 ఏండ్లకు పూర్వమే లెక్కగట్టిరి. ఈ లెక్కను తిరుగవేయుడు. మోటారు పెట్టి పైని మట్టమును 1 అడుగు దించిన, కాలక్రమమున అడుగునుండి ఉప్పు 40 అడుగులు పైకి లేవగలదు. లోతుగా త్రవ్విన మంచినీరు పడునని పైసీమవారి నమ్మకము సరియే కావచ్చును. ఇక్కడ లోతునకు పోవుట యనిన ఉప్పునకు ఎదురేగుటయే. మన పెద్దలు ఇసుకదిబ్బలపై నిలువులోతు చెలమ తీసి బిందెతో ముంచుకొనుట తెలివితక్కువవలన కాదు.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో మరువగల యింటివారు లేరు. ఆనాటి యుప్పెనలో సుమారు 10,000 మంది ప్రాణములు గోల్పోయిరి. సముద్రము చెరువులలోను, నూతులలోను నిండినది. చచ్చినవారిని తలచి యేడ్చుటకు ముందు బ్రదికినవారు గ్రుక్కెడు మంచినీటికై వెదకవలసివచ్చినది. తోడి తోడి పోసినను, వానలు పడి పడి కడిగినను, నేలలో నింకిన యుప్పు ఒక్క యేట పోవునది కాదు. ఆ యిసుక గుహలలో నా దినమున ఏ ప్రాణులు నశించెనో లెక్కించిన వారు లేరు. మనుష్యుల లెక్కయే తెగని దినమది.

ఉప్పెన ఒక్కనాడు వచ్చినది. ఇప్పుడు వచ్చుచున్నది దినదినమును వచ్చుచున్నది. 1967లో నాగార్జునసాగరమును, పిదప శ్రీశైలమును నిండుకొన్న పిమ్మట, వరదదినములు దప్ప కృష్ణ హంసలదీవి వరకు పూర్వమువలె పారుట లేదు. నది వెనుకకు తగ్గినకొలది సముద్రపు పోటు పాయలలో పైకెక్కును. సముద్రమట్టమే మెల్లగా పెరుగుచున్నది. రొయ్యల చెరువులలో ఉప్పునీరు నెలల తరబడి నిలిచి ప్రక్కపొలములలోనికి చెమ్మయై ఊరును. రొయ్య పెక్కిండ్లకు పక్కా మిద్దెలను, ఆడపిల్లల చదువులను తెచ్చినమాట మేము కాదనము. కాని యే యింటి ముంగిట చెరువు తవ్విరో ఆ యింటి యిల్లాలు డబ్బాలలో నీరు కొని వంటచేయుచున్నచో, ఆ నీటి వెలను రొయ్య లెక్కలో వ్రాయవలదా? లెక్క వ్రాయునది పురుషుడు, నీరు మోయునది స్త్రీ. అందుచేతనే కాబోలు ఆ పద్దు విడిచిపోవుచున్నది.

ఇంటిలో మనచేతనున్న పని కొంత కలదు. బోరు దింపిన తోడనే పాతనూతిని చెత్తకుండగా మార్చుట మన యూళ్ల యాచారమైపోయినది. అది గుహ నోట విషము పోయుటయే; ఆ కుళ్లు నేలలోపలినుండి పొరుగింటి బోరునకు చేరును. పాతనూతికి గట్టు కట్టి, వల కప్పి, కప్పుమీది వాననీటిని కంకర, బొగ్గు, ఇసుకపొరలగుండ వడిపించి దానిలోనికి దింపినచో, తేలుచున్న మంచినీటి పొర కొంత మందమగును. మరుగుదొడ్డి గుంట నూతికి దూరముగా నుండవలెను. వరదల తరువాత బ్లీచింగు పొడి వేయుట తప్పదు; పురుగులమీది జాలితో కలరాను తెచ్చుకొనరాదు.

నీటిలో పురుగు కలదని చెప్పితిమని వడగట్టుట మానవలదు. వెనుకటి దినములలో చెరువులలోను, దిగుడుబావులలోను నుండు సైక్లోప్సు అను పురుగువలన నారికురుపు వచ్చుచుండెను. నీటిని బట్టతో వడగట్టుట నేర్పి, నేర్చికొని మన దేశము దానిని వదిలించుకొన్నది. 2000లో ప్రపంచారోగ్యసంస్థ ఆ మాటను ధ్రువపరచినది. ఆ బట్టయే ఇప్పుడు మరియొక పనికి వచ్చును. పాతధోవతిని నాలుగు మడతలు వేసి బోరు నోటికి గాని, చేద వంచుచోట గాని కట్టి, చాలసేపు నీరు పారనిచ్చి, తరువాత తెల్లగిన్నెలో జాడింపుడు. బడిపిల్లల భూతద్దముతో చూడుడు. నడినెత్తిన ఎఱ్ఱని చుక్కవంటి కన్ను గలది సైక్లోప్సు, అది పైనీటిది. గిజగిజలాడుచు పైకెగబ్రాకునది దోమపిల్ల. రంగు లేక, కన్ను లేక, అడుగున దారపు నలుసువలె మెల్లగా ప్రాకునది కనబడెనా, అది చీకటి యింటిదై యుండవచ్చును. వైశాఖమున నొకసారి, వానలు వెలిసిన కార్తికమున నొకసారి చూచి, నీటి రుచిని గూడ క్యాలెండరుపై వ్రాసియుంచుడు. చూచుట యయిన పిమ్మట గిన్నెలోని నీటిని తోటకూర మడిలో పారబోయక నూతిలోనికే వంచుడు.