ట్రైబ్ వేరు, ట్రైబల్ వేరు: మన పిల్లలు ఫారాల్లో రాస్తున్నది ఏది?

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంది, తీరిక చేసుకుని చదవండి.

పోయిన నెల నరసరావుపేటలో మేం కొందరం కలిసి డిగ్రీ అయిపోయిన మన పిల్లలకు ఇంటర్వ్యూ ప్రాక్టీసు పెట్టాం. ఒక్కొక్కరినీ ఇంగ్లీషులో పరిచయం చేసుకోమన్నాం. ఎక్కువ మంది నోట వచ్చిన మాట "ఐ యామ్ ఎ ట్రైబ్". వెనక కూర్చున్న ఇద్దరు నవ్వారు. నవ్వాల్సిన పని లేదు, ఎందుకంటే మేమూ ఒకప్పుడు అలాగే చెప్పినవాళ్లమే.

ఆ తప్పు ఎక్కడ నుంచి వస్తుందో ఆలోచిస్తే సంగతి తేలిగ్గానే దొరుకుతుంది. "నేను ఎస్టీ" అని చిన్నప్పటి నుంచీ చెప్తున్నాం. ఆ రెండక్షరాలను విప్పితే షెడ్యూల్డ్ ట్రైబ్ అవుతుంది. దాన్నే తీసుకెళ్లి "ఐ యామ్" పక్కన పెడుతున్నాం. కానీ ట్రైబ్ అంటే తెగ. అది నామవాచకం, గుంపుకు పేరు. "ఐ యామ్ ఎ ట్రైబ్" అంటే "నేనొక తెగను" అన్నట్టు. ఒక్క మనిషి తెగ ఎట్లా అవుతాడు? ట్రైబల్ అనేది విశేషణం. నేషన్ నుంచి నేషనల్, రీజియన్ నుంచి రీజినల్ వచ్చినట్టే ట్రైబ్ నుంచి ట్రైబల్ వచ్చింది. దాని వెనక ఇంకో మాట ఉండాలి: ట్రైబల్ హాస్టల్, ట్రైబల్ స్టూడెంట్, ట్రైబల్ వెల్ఫేర్. కాబట్టి "ఐ బిలాంగ్ టు ది యానాది ట్రైబ్" సరైనది. "ఐ యామ్ ఫ్రమ్ ఎ ట్రైబల్ కమ్యూనిటీ" కూడా సరైనదే. మొదటిది ఇంకా మంచిదని మా అభిప్రాయం, అందులో మన పేరు ఉంది కనుక.

మరి "ట్రైబల్స్" సంగతేంటి? పేపర్లలో, ఉపన్యాసాల్లో రోజూ వినపడుతుంది. మన దేశపు ఇంగ్లీషులో ఇది నామవాచకంగా స్థిరపడిపోయింది. వ్యాకరణం ఒప్పుకున్నా మాకు మాత్రం రుచించదు. మనిషిని వదిలేసి విశేషణాన్నే మనిషిని చేసినట్టుంటుంది. మనలోనే కొందరు పెద్దలు దీనికి ఒప్పుకోరు: "సుగాలి, ఎరుకల, చెంచు అని విడివిడిగా చెప్పుకుంటే ఐక్యత ఏమవుద్దిరా?" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఐక్యతకు ట్రైబల్ కమ్యూనిటీస్ అన్నా సరిపోతుంది కదా. తెలుగులో మనకు "గిరిజనులు" అనే మాట ఉంది. దానికి ఇంకో తమాషా ఉంది: గిరి అంటే కొండ. కాలవ గట్టున చేపలు పట్టుకునే యానాది అన్న ఏ కొండ ఎక్కాడు?

రాజ్యాంగం ఈ రెండు మాటల్నీ పక్కపక్కనే వాడింది. 342వ అధికరణంలో ట్రైబ్స్ ఆర్ ట్రైబల్ కమ్యూనిటీస్ అని, వాటిలోని భాగాలు, గుంపులు అని ఉంటుంది. అదీ రాష్ట్రాన్ని బట్టి. అంటే మామూలు భాషలో తెగ కావడం వేరు, షెడ్యూలులో పేరు ఉండటం వేరు. మాచర్ల తండాలో మాట్లాడే గోర్ బోలీనే మహారాష్ట్ర బంజారాలూ మాట్లాడతారు, కర్ణాటక లంబాణీలూ మాట్లాడతారు. మనం ఇక్కడ ఎస్టీ. కర్ణాటకలో వాళ్లు ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. భాష ఒకటే, కాగితం మూడు రకాలు.

ఈ కాగితం దగ్గరే ఒక తమ్ముడు దెబ్బ తిన్నాడు. గురజాల వైపు తండా వాడు. దరఖాస్తులో "నేమ్ ఆఫ్ ది ట్రైబ్" అన్న గడిలో "ట్రైబల్" అని రాశాడు. సర్టిఫికెట్లో సుగాలి అని ఉంది, స్కూలు టీసీలో లంబాడీ అని ఉంది. మన రాష్ట్ర జాబితాలో సుగాలీలు, లంబాడీలు, బంజారా ఒకే వరసలో ఉన్నా, కౌంటర్లో కూర్చున్నాయనకు మూడు చోట్ల మూడు మాటలు కనపడ్డాయి. పక్కన పెట్టేశాడు. వాడు మూడుసార్లు బస్సెక్కి తిరిగితే గానీ పని అవలేదు. ఆ గడిలో సర్టిఫికెట్లో ఉన్న పేరు, అదే స్పెల్లింగుతో రాయండి. "ఎస్టీ" అని కూడా రాయొద్దు, అది కేటగిరీ గడిలోది.

ఇంకో పొరపాటు దీనికన్నా ఖరీదైనది. "మాది ట్రైబల్ ఏరియా, 1/70 ఉంది, మా భూమి ఎవడూ కొనలేడు" అని దుర్గి, వెల్దుర్తి వైపు పిల్లలు ధీమాగా అంటుంటారు. షెడ్యూల్డ్ ట్రైబ్ వేరు, షెడ్యూల్డ్ ఏరియా వేరు. 1/70 ఏరియాకు అంటుకున్న చట్టం. పల్నాడు జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు. తండా నిండా మనవాళ్లే ఉన్నా ఆ చట్టం ఇక్కడికి రాదు. 1996 పెసా చట్టమూ అంతే. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం ఏరియాను చూడదు. అడవిని నమ్ముకుని బతికే షెడ్యూల్డ్ ట్రైబ్ అయితే చాలు, నల్లమల అంచున ఉన్న చెంచు గూడేనికీ వర్తిస్తుంది. ఏ చట్టం ఏ మాటను పట్టుకుందో చూడకుండా సంతకాలు పెట్టకండి.

ట్రైబ్ అనే మాట మనల్ని కాల్చిన రోజులూ ఉన్నాయి. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. నేరం చేసేది మనిషి. ఆ విశేషణాన్ని తీసుకెళ్లి తెగకు తగిలించారు. దాంతో ఎరుకల ఇంట్లో పుట్టిన పసిబిడ్డ కూడా అందులోకి వచ్చేసింది. మన పక్కనే స్టూవర్టుపురం సెటిల్మెంటు అలా పుట్టిందే. చట్టం 1952లో పోయింది, చూపు మాత్రం కొన్నిచోట్ల ఇంకా పోలేదు. అందుకే ఏ మాట ముందు ఏ మాట పెడుతున్నారో మనం పట్టించుకోవాలంటున్నాం.

ఇంతా రాసి చూసుకుంటే మన గ్రూపు బ్యానర్ మీదే "ట్రైబ్ యూత్" అని ఉంది. కొత్తది వేయించే లోపు చివరి "ఈ" తీసేసి "ఏ", "ఎల్" అంటించాలి. ఆదివారం ఎవరికి వీలుంటే వాళ్లు రండి. వచ్చేటప్పుడు మీ సర్టిఫికెట్, టీసీ జిరాక్సులు తెచ్చుకోండి, పేర్లు కలిసినయ్యో లేదో అక్కడే చూద్దాం.