లేబర్ రూమ్ నర్సుకు ఫోన్ ఒక్కటే చాలదు

పుట్టిన బిడ్డ ఏడవలేదు. ఒళ్లు తుడిచి, వీపు రుద్దినా ఊపిరి అందుకోలేదు. ఇక నర్సుకు మిగిలే వ్యవధి చాలా తక్కువ. పుట్టిన నిమిషంలోపే అంబూ బ్యాగ్‌తో గాలి అందించడం మొదలుపెట్టాలి. మెడ ముందుకు వంగినా, మరీ వెనక్కి వాలినా గాలి లోపలికి పోదు. మాస్కు అంచు కాస్త లేచినా అంతే. ఆ క్షణంలో ఫోన్ తీసి వీడియో చూసే వీలెవరికీ ఉండదు.

కాబట్టి సేఫ్ డెలివరీ యాప్ లాంటివాటిని ముందే చూసి, చూసింది చేతికి అలవాటు చేసుకోవాలి. డెన్మార్క్‌లోని మెటర్నిటీ ఫౌండేషన్ అక్కడి విశ్వవిద్యాలయాలతో కలిసి తయారుచేసిన యాప్ ఇది. చిన్న యానిమేషన్ వీడియోలు, మందుల వివరాలు, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు ఉంటాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. సిగ్నల్ దొరకని ఏజెన్సీ పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సుకు ఇది నిజమైన ఆసరా. మన ఆసుపత్రులకు ఈ యాప్ రావాలనే నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అయితే దాని మీద ఎంత భారం వేయవచ్చు? ఇథియోపియాలో 73 ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. యాప్ ఉన్న ఫోన్లు అందుకున్న సిబ్బందికి బిడ్డకు ఊపిరి అందించడంలోనూ, తల్లి రక్తస్రావాన్ని అదుపు చేయడంలోనూ నేర్పు పెరిగింది. శిశు మరణాలు తగ్గాయని మాత్రం తేల్చి చెప్పలేకపోయారు. మన ఉత్తరప్రదేశ్‌లో 120 కేంద్రాల్లో జరిగిన బెటర్‌బర్త్ అధ్యయనానిదీ దాదాపు ఇదే అనుభవం. అక్కడ యాప్ లేదు, కాన్పు చెక్‌లిస్టు ఇచ్చి, దాన్ని పాటించేలా కోచ్‌లను పంపారు. కోచ్‌లు వస్తున్నన్నాళ్లూ పద్ధతులు బాగా మెరుగయ్యాయి, వాళ్ల రాక తగ్గేకొద్దీ సడలాయి. మరణాలు తగ్గలేదని 2017లో వెల్లడైంది.

నర్సులు పాఠం వినలేదని దీనికి అర్థం కాదు. కాన్పు కాగానే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలని యాప్ చెబుతుంది. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచే ఫ్రిజ్‌ను ఆసుపత్రే ఇవ్వాలి. పక్కన సాయానికి మరో మనిషిని, పెద్దాసుపత్రికి పంపడానికి బండిని కూడా ఆసుపత్రే ఏర్పాటు చేయాలి.

వీటితోపాటు నర్సుకు సాధన చేసే సమయమూ కావాలి. శిక్షణకు సమయం కేటాయించడం మనకు తెలియని పని కాదు. తెలంగాణ 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో కొందరు నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. యాప్ శిక్షణకు అంత కాలం అక్కర్లేదు. కానీ డ్యూటీ దిగి, ఇంటిపని ముగించుకున్నాక నిద్ర మానుకుని చూసుకొమ్మనడం అన్యాయం. వారానికి అరగంట, ఆసుపత్రిలోనే, బిడ్డ బొమ్మ ముందు పెట్టుకుని ఇద్దరేసి నర్సులు వీడియో చూడాలి, వెంటనే చేసి చూడాలి. నేర్పినవాళ్లు కొన్ని నెలలకు మళ్లీ వచ్చి చేయించి చూడాలి. ఎంతమందికి సర్టిఫికెట్లు వచ్చాయన్న లెక్కతో జిల్లా అధికారులు సరిపెట్టుకోకూడదు. ఆ అరగంట లేబర్ రూమ్ ఎవరు చూస్తారో డ్యూటీ చార్టులో పేరు రాసి ఉండాలి.