మారువేషములో పోలీసు స్త్రీ

ఈ నెల నేను ముచ్చటింపబోవు చిత్రము ఉత్తమమైనది కాదు. ఆ మాట ముందే చెప్పుట మంచిది. మా ఆడపడుచు కుమార్తె పోలీసు ఉద్యోగపు పరీక్షకు చదువుచున్నది. "ఆడపిల్లకు ఆ ఉద్యోగమేమిటి? నీవైనా చెప్పు వదినా" అని తల్లి మొరపెట్టుకొన్నది. ఆ పిల్లయే ఈ చిత్రమును చూపగా మువ్వురమును కూర్చుండి చూచితిమి.

దీని పేరు "స్వాంప్ వుమెన్". 1956లో అమెరికాలో వెలువడినది. దర్శకుడు రోజర్ కార్మన్. స్వల్పవ్యయముతో కొద్ది దినములలో చిత్రములు తీయుటలో పేరుపొంది 2024లో మరణించెను. కారులలో కూర్చుండియే చూచు ఆరుబయటి సినిమాశాలలుగల వూల్నర్ సోదరులు దీనికి సొమ్ము పెట్టిరి. ఆ సొమ్మెంత తక్కువయో మొదటనే తెలిసిపోవును. న్యూ ఆర్లియన్సులోని మార్డీగ్రా ఉత్సవపు ఊరేగింపును అదేపనిగా చూపుదురు. గుప్పెడు పప్పులో కడివెడు నీళ్లు పోసి పదిమందికి వడ్డించు ఉపాయమే యిది!

లీ హాంప్టన్ అను పోలీసు ఉద్యోగిని ఖైదీవేషమున చెరసాల చేరును. అచటనున్న మువ్వురు స్త్రీలకు, దొంగవజ్రములు లూసియానా చిత్తడినేలలలో ఎచట దాగియున్నవో తెలియును. వారితో చెలిమిచేసి, పోలీసులే లోపాయకారిగా కల్పించిన వీలుచే వారితోకూడ పారిపోయి, ఆ జాడ కనిపెట్టుట ఆమె పని. దారిలో నూనెబావులకై నేల వెదకు నొకనిని బంధించి పడవ లాగికొందురు. అతనివెంటనున్న యువతి మొసలివాత బడును. ముండ్లును దోమలును గల ఆ చోట వీరు లాగులను తొడలవరకు కత్తిరించుకొని తిరుగుట యెందులకో! చూడవచ్చిన పురుషుల కొరకేగాని కథకొరకు కాదు.

అయినను ఒక సంగతి నన్ను విడువలేదు. విరాటుని యింట సైరంధ్రియై యున్న ద్రౌపదియు వేషము దాల్చినదే. కాని తాను కొలిచిన సుధేష్ణకు కీడు తలపెట్టలేదు. లీ సంగతి అట్టిది కాదు. తనను నమ్మి ప్రక్కన నిదురించినవారినే పట్టియీయవలెను. కెరోల్ మాథ్యూస్ ముఖమున ఒకటి రెండుచోట్ల ఆ బరువు కనబడినట్లు నాకు తోచినది. దర్శకుడు అచట నిలువడు. వెంటనే కొట్లాట తెచ్చిపెట్టును. నిలిచియున్నచో ఇది వేరొక చిత్రమయ్యెడిది. మేరీ విండ్సర్, బెవర్లీ గార్లండ్ మాత్రము దొంగలైనను మనుష్యులుగా కనబడుదురు. వీరందరును నిజమైన బురదలోనే దిగి నటించిరి.

ఆ దేశమున 1910లో లాస్ ఏంజిలీసు నగరమున ఆలిస్ స్టెబ్బిన్స్ వెల్స్ పోలీసు కొలువున చేరెను. స్త్రీలను, బాలలను కనిపెట్టుటయే ఆనాటి పోలీసు స్త్రీలకు ముఖ్యమైన పని. ఈ చౌకచిత్రము అపాయమంతయు ఒక స్త్రీ తలపైనే పెట్టినది.

చిత్రము ముగిసినపిమ్మట మా ఆడపడుచు మొసలిమాట యెత్తలేదు. "వాళ్లను పట్టిచ్చిన తరువాత ఆ పిల్లకు నిద్రపట్టునా?" అని యడిగెను. కూతురు కొంతసేపు ఊరకుండి, "పట్టకపోవచ్చు" అని పుస్తకము తీసికొని లోనికి పోయెను. పరీక్ష వచ్చే నెలలో.