ఇంగ్లీషు వాక్యంలో మేస్త్రి ఎటు పోయాడు?

పోయిన వేసవిలో నారాయణపేట వైపు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని తన వ్యాసం దిద్దమని తెచ్చింది. అంశం పాలమూరు వలస కుటుంబాల్లో స్త్రీల శ్రమ. ఇంగ్లీషులో రాసింది. రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. తెలుగులో చెప్పాలంటే అది ఇట్లా ఉంది: ‘‘దంపతులలో కాలానుగుణ వలస గమనించబడినది, వారిలో రుణగ్రస్తత కనుగొనబడినది.’’ నోటు పుస్తకం తెరిపించాను. అక్కడ ఇట్లా రాసుకుంది: ‘‘గుంపు మేస్త్రి అడ్వాన్సిచ్చి ఆలుమొగలిద్దర్నీ పుణెకు తోల్కపోయిండు. ఏడు నెలలు పని చేసినంక లెక్క చూసి, ఇంకా మీరే నాకు బాకీ అన్నడట.’’

‘‘మరి ఇంగ్లీషులో మేస్త్రి ఎటు పోయాడమ్మా?’’

‘‘పీహెచ్‌డీల అట్లనే రాయాల్నట గద మేడం.’’

నవ్వొచ్చింది గానీ, నేను నేర్చుకున్నదీ అదే. నల్లగొండ జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. నా థీసిస్ మొదటి అధ్యాయం చూసిన ఒక పెద్దమనిషి ‘‘ముందు ఇంగ్లీషు నేర్చుకుని రా’’ అని కాగితాలు వెనక్కిచ్చాడు. ఏం నేర్చుకోవాలో చెప్పలేదు. గ్రంథాలయంలో కూర్చుని ఇతరుల వాక్యాల నడకను అనుకరించాను. కొట్టినవాడు, కూలి ఎగ్గొట్టినవాడు లేని వాక్యాలు రాయడం వచ్చేసరికి ‘‘నీ భాష బాగుపడింది’’ అన్నారు.

మన అమ్మాయిలకు ఇంగ్లీషు బాగుచేయాలని అందరూ అంటున్నారు. ఏది తప్పు, ఏది బాగు అన్న దగ్గరే నా తగాదా. ‘ఎ’, ‘ది’ తెలుగులో లేవు కాబట్టి తప్పుతాం. అవి చిన్న తప్పులు, ఇప్పుడు కంప్యూటరే దిద్దిపెడుతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, అసలు సంగతి కూడా చివరకే వస్తుంది. ఇంగ్లీషు పాఠకులు దాన్ని ముందే చెప్పమంటారు. ఇది అలవాటు మీద వస్తుంది. పేరా మొదట్లోనే ‘నేను చెప్పేదిది’ అనడానికి మన అమ్మాయిలు జంకేది భాష రాక మాత్రమే కాదు. ఇంట్లో గానీ తరగతిలో గానీ వాళ్లనెవరూ అట్లా మాట్లాడనివ్వలేదు. దీన్ని వ్యాకరణ పుస్తకం బాగుచేయలేదు.

మేస్త్రి మాయం కావడం వేరే సంగతి. ‘వలస జరిగింది’ అంటే వాన కురిసినట్టు జరిగిందని. ‘మేస్త్రి తోల్కపోయిండు’ అంటే ఒక మనిషి మీద నేరారోపణ. కర్త లేని వాక్యం నిష్పాక్షికమైనదని నేర్పిన చదువు నిజానికి ఒక పక్షం వహిస్తున్నది.

ఇంకొకటి ఆ ‘ట’. ‘అన్నడు’ వేరు, ‘అన్నడట’ వేరు. మేస్త్రి మాటలు చెప్పింది ఆ ఇల్లాలు కాదు, ఆమె తోటికోడలు. ఒక్క అక్షరంతో తెలుగు ఆ తేడా పట్టుకుంది. ఇంగ్లీషులో ‘తోటికోడలు చెప్పిన ప్రకారం’ అని విడిగా రాయాలి. రాయకపోతే వినికిడి సాక్ష్యమై కూర్చుంటుంది. నోటు పుస్తకం చూడని కంప్యూటరు దీన్ని ఎట్లా దిద్దుతుంది?

అందుకని ఇంగ్లీషు వదిలేద్దామా? ఆ మాట అనగలిగేది అది వచ్చినవాళ్లే. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలై వైద్యశాస్త్రాన్ని కూడా ఆ భాషలో చెప్పింది. దేశభాషలో పై చదువు సాధ్యమేనని తేలింది గానీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పల్లె పిల్లకు ఉర్దూ కూడా పరాయిదే. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక డిగ్రీ దాకా తెలుగు పుస్తకాలొచ్చాయి. పరిశోధన మాత్రం ఇంగ్లీషులోనే నిలిచింది. థీసిస్ ఇచ్చేలోగా ఒక వ్యాసం అచ్చు కావాలని 2009లో యూజీసీ షరతు పెట్టింది. డబ్బు తీసుకుని అచ్చేసే పత్రికలకు అప్పు చేసి కట్టిన అమ్మాయిలు నాకు తెలుసు. 2022 నిబంధనలు ఆ షరతు తీసేశాయి. ఉద్యోగానికి వెళితే మాత్రం వ్యాసాలెన్ని అని ఇప్పటికీ అడుగుతున్నారు.

మనకు దారి చూపే ఉదాహరణ మన దగ్గరే ఉంది. స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, మల్లు స్వరాజ్యం వంటివాళ్ల మాటలను వాళ్ల నోటివెంటే రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. ఇంగ్లీషు పుస్తకం 1989లో వచ్చింది. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. 1988 నాటి దేవదాసీ నిషేధ చట్టం ఇంగ్లీషు పాఠంలో ‘జోగిని’, ‘బసివి’, ‘మాతమ్మ’ అట్లాగే ఉన్నాయి. చట్టానికి లేని సిగ్గు మన పరిశోధనా వ్యాసాలకెందుకు? ‘గుంపు మేస్త్రి’ని గుంపు మేస్త్రి అనే రాసి, ఒక్క వాక్యంలో వివరిస్తే చాలు.

ఇది విశ్వవిద్యాలయాల గొడవేనని స్వచ్ఛంద సంస్థల మిత్రులు అనుకోవద్దు. ఊళ్లు తిరిగి, రాత్రిళ్లు కూర్చుని తెలుగులో రాసేది మన కార్యకర్త. హైదరాబాదులో ఇంగ్లీషు రిపోర్టు రాసి ఫీజు తీసుకునేది కన్సల్టెంటు. అట్ట మీద పేరు ఆయనది, లోపల కృతజ్ఞతల్లో ఆమెది, అదీ గుర్తుంటే. నేను కూడా అట్లాంటి రిపోర్టులు రాశాను. ఇప్పుడు రెండు అడుగుతున్నాను. కార్యకర్త పేరు రచయితల్లో ఉండాలి, ఆమె ఇంగ్లీషు నేర్చుకునే ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్‌లో ఉండాలి. ఇంగ్లీషు ప్రతి దాతలకు పోకముందు తెలుగులో ఆ ఊళ్లో చదివి వినిపించాలి.

వినిపిస్తే ఆలస్యమవుతుందంటారు. అవుతుంది. దేవరకొండ వైపు ఒక ఊళ్లో నేను రాసిన భాగం చదువుతుంటే, ‘భర్త అనుమతితో పొదుపు సంఘం నుంచి అప్పు పొందబడినది’ అన్న చోట ఒక పెద్దావిడ ఆపింది. ‘‘అనుమతేంది బిడ్డా, ఆయన ఊర్లనే లేడు. నేనే పొయ్యి ఏలుముద్ర ఏసిన.’’ రిపోర్టు అప్పటికే అచ్చుకు పోయింది.