గోడకు రంగు, చేతికి కూలి

రైల్వే స్టేషన్ల గోడలమీదను, తపాలా కార్యాలయాల ప్రహరీలమీదను స్థానిక కళాకారులు, విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలసి చిత్రాలు వేసే పద్ధతి గత కొద్ది సంవత్సరాలుగా దేశంలో బాగా వ్యాపించింది. ఇది ఆహ్వానింపదగిన పరిణామం. ప్రజాధనంతో కట్టిన గోడమీద ప్రజల బ్రతుకు కనిపించడంకన్న సముచితమైనది మరొకటి ఉండదు. అయితే ఇట్టి కార్యక్రమాలలో కొన్ని ‘శ్రమదానం’ అనే పేరుతో జరుగుతున్నాయి. ఈ దానం ఇచ్చేది ఎవరు, పుచ్చుకొనేది ఎవరు అన్న ప్రశ్నను కార్మిక సంఘాలు అడగకపోతే అడిగేవారు మరొకరు లేరు.

గోడ విలువను రైల్వే, తపాలా ఉద్యోగులకు ఎవరూ బోధించనక్కరలేదు. 1960 జులై సమ్మె, 1968 సెప్టెంబరు 19 నాటి ఒకరోజు సమ్మె, 1974 మే 8న ఆరంభమైన రైల్వే సమ్మె - ఈ పోరాటాలన్నిటిలోను కార్మికుని మాటను ఊరికి చేరవేసిన సాధనాలలో గోడ ఒకటి. కాస్త సున్నం, కాస్త గేరు, ఒక కుంచె ఉంటే చాలు, పెద్ద పత్రికలు వేయని వార్త తెల్లవారేసరికి వీధిలో నిలిచేది. అందుచేత గోడ ఎవరి మాట చెబుతున్నది, ఎవరి చెమటతో చెబుతున్నది అని విచారించడం మనకు అలవాటైన పనే.

బీహారులోని మధుబని స్టేషన్ విషయం పరిశీలిద్దాం. తూర్పు మధ్య రైల్వే సమస్తిపూర్ డివిజన్‌లోని ఈ స్టేషన్ గోడలపై 2017 అక్టోబరులో, గాంధీ జయంతి సందర్భంగా ఆరంభించి, వందమందికి పైగా మిథిలా చిత్రకారులు బొమ్మలు వేశారు. వారిలో అనేకులు స్త్రీలు. 7,000 చదరపు అడుగులకు పైబడిన గోడలమీద సీతా జననం, సీతారామ కల్యాణం, కృష్ణలీలలు, విద్యాపతి కవి, పల్లె జీవనం వెలిశాయి. ఆ పని కూలి లేకుండానే జరిగింది. 2018లో రైల్వే మంత్రిత్వ శాఖ జరిపిన స్టేషన్ల సుందరీకరణ పోటీలో బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకు మొదటి బహుమతి, మధుబని, మధురై స్టేషన్లకు రెండవ బహుమతి లభించాయి. గాంధీధామ్, కోట స్టేషన్లతో కలసి మన సికింద్రాబాదు మూడవ బహుమతి పొందింది. రెండవ బహుమతి 5 లక్షల రూపాయలు. స్టేషన్‌కు కీర్తి వచ్చింది, బహుమతి వచ్చింది. కుంచె పట్టిన చేతికి దినకూలి మాత్రం రాలేదు.

ఈ కళ చరిత్ర తెలిసినవారికి ఇందులోని వైపరీత్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మిథిలలో స్త్రీలు తరతరాలుగా తమ ఇళ్ళ మట్టిగోడలమీద, పెళ్ళిగదులలో ఈ చిత్రాలు వేసుకొనేవారు. 1966-67 నాటి కరవులో అఖిల భారత హస్తకళల బోర్డు వారికి కాగితం పంపి, బొమ్మలు వేయించి, అమ్మించింది. అనాడు ఆ కళ గోడ దిగి కాగితమెక్కినది కేవలం తిండికోసమే. ఆ తరువాత జగదంబాదేవికి 1975లోను, సీతాదేవికి 1981లోను, గంగాదేవికి 1984లోను పద్మశ్రీ పురస్కారాలు వచ్చాయి. ఆ విధంగా కూలికోసం గోడ దిగిన కళ, యాభై సంవత్సరాల పిమ్మట మళ్ళీ గోడ ఎక్కినపుడు కూలి లేకుండా ఎక్కవలసి వచ్చింది. పురస్కారం ఒకరిద్దరికి గౌరవం తేగలదు. పనిచేసిన ప్రతి ఒక్కరి పొయ్యి వెలిగించేది వేతనమే.

వారు ఇష్టపూర్వకంగానే చేశారు గదా అని కొందరు అనవచ్చు. సొంత ఊరిమీద ప్రేమతో చేసిన పనిని మేము తక్కువ చేయడం లేదు. నెలజీతం ఉన్న ఉద్యోగి తన ఆదివారాన్ని ఊరి గోడకు ఇస్తే అది నిజంగా దానమే. విద్యార్థి సెలవుదినాన రంగు కలిపితే అదీ దానమే. కాని ఏ పని అమ్ముకొని బ్రతుకుతున్నాడో ఆ పనినే ఉచితంగా చేసిపెట్టమని ఒక ప్రభుత్వ శాఖ అడిగితే, దానిని దానమని పిలవడం న్యాయం కాదు. మంచి మాటల చాటున వేతనం ఎట్లా కనుమరుగవుతుందో తపాలా సోదరులకు చక్కగా తెలుసు. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు పేరు పోయి గ్రామీణ డాక్ సేవక్ అనే పేరు వచ్చింది గాని, రెగ్యులర్ ఉద్యోగి హోదా మాత్రం రాలేదు.

కళాకారునికి వేతనం ఇస్తూనే ప్రజల భాగస్వామ్యంతో గోడలు చిత్రించడం సాధ్యమేనని ఇతర దేశాల అనుభవం చెబుతున్నది. అమెరికాలో 1934 నుంచి 1943 వరకు అక్కడి ఖజానా శాఖ కొత్తగా కట్టిన తపాలా కార్యాలయాలలో వెయ్యికి పైగా చిత్రాలు, శిల్పాలు చేయించింది. భవన నిర్మాణ వ్యయంలో సుమారు ఒక శాతాన్ని దీనికి కేటాయించడం నాటి నియమం. తీవ్రమైన ఆర్థికమాంద్యం నడుమ కూడ ఆ ప్రభుత్వం ఈ పనిని దానంగా అడగలేదు. 1976లో లాస్ ఏంజిలిస్ నగరంలో జుడిత్ బాకా అనే చిత్రకారిణి వరదకాలువ గోడపై ఆ ప్రాంత ప్రజల చరిత్రను చిత్రించడం ఆరంభించారు. 1983 నాటికి అది 2,754 అడుగుల పొడవుకు పెరిగింది. పేటల నుంచి, బాల నేరస్థుల న్యాయవ్యవస్థ నుంచి వచ్చిన నాలుగు వందలమందికి పైగా యువతీయువకులు అందులో పాల్గొన్నారు. వేసవి ఉపాధి కింద వారికి వేతనం ముట్టింది.

ప్రజలు తమదని భావించిన చిత్రాన్ని కాపాడుకొనడానికి కూడ వారే ముందుకు వస్తారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని రింకన్ అనెక్స్ తపాలా కార్యాలయంలో ఆంటన్ రెఫ్రెజియర్ 27 చిత్రాలను 1948లో పూర్తి చేశాడు. వాటిలో 1934 నాటి ఓడరేవు కార్మికుల సమ్మె కూడ ఉన్నది. అది కొందరికి కంటగింపై, ఆ చిత్రాలను తొలగించాలని 1953లో అమెరికన్ కాంగ్రెసులో విచారణ దాకా తెచ్చారు. కళాకారులు, మ్యూజియంల నిర్వాహకులు, కార్మిక సంఘాలు ఒక్కటై నిలిచాయి. తొలగింపు ప్రయత్నం విఫలమైంది.

మన దేశంలో ఈ ప్రశ్న నేడు అత్యవసరమైనది. అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న ఒకేసారి 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. దాని అంచనా వ్యయం 24,470 కోట్ల రూపాయలు. స్థానిక సంస్కృతి ఈ స్టేషన్లలో ప్రతిబింబించాలని ప్రభుత్వమే చెబుతున్నది. మంచిది. ఆ వ్యయంలో ఒక శాతం అంటే 244 కోట్ల రూపాయలకు పైమాటే. చేర్యాల నకాశీలకు, కలంకారీ పనివారికి, సవర చిత్రకారులకు, మిథిలా స్త్రీలకు న్యాయమైన కూలి ఇవ్వడానికి డబ్బు లేదనే మాట ఈ లెక్క ముందు నిలవదు.

ఇక గోడమీద ఏమి వేయాలన్నది మరొక ప్రశ్న. దేవతలు, మహాపురుషులు, పులులు, పూలతీగలు ఉండవచ్చు. కాని ఎండలో పట్టాలు సరిచేసే గ్యాంగ్‌మన్, రాత్రంతా నడిచే బండిలో ఉత్తరాలు వేరుచేసిన ఆర్.ఎం.ఎస్. సార్టరు, బరువులు మోసే పోర్టరు, తెల్లవారకముందే ప్లాట్‌ఫారం కడిగే సఫాయి స్త్రీ ఏ గోడమీద కనిపిస్తున్నారు? బొమ్మ ఏదో పై కార్యాలయంలో నిర్ణయమై కిందికి వస్తే అది అలంకారమవుతుంది గాని ప్రజాచిత్రం కాదు.

భద్రత మాట కూడ మరువరాదు. విద్యుదీకరించిన మార్గాలలో ప్రయాణికుల తలపైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. ఇనుప నిచ్చెనలు, సారువలు వేసుకొని అక్కడ పనిచేసే విద్యార్థికి ఆ ప్రమాదం తెలియదు. మనకు తెలుసు. తెలిసినవారు ఊరకుండడం తగదు.

కావున ఏ స్టేషన్‌లోనైనా, తపాలా కార్యాలయంలోనైనా ఇట్టి కార్యక్రమం తలపెట్టినపుడు మన శాఖలు ఈ క్రింది కోర్కెలను అధికారుల ముందు ఉంచవలసినదిగా కోరుతున్నాము:

1. నిర్మాణ, పునర్నిర్మాణ వ్యయంలో ఒక శాతాన్ని చిత్రాలకు, వాటి సంరక్షణకు కేటాయించాలి.

2. వృత్తి కళాకారులకు నైపుణ్యంగల కార్మికుని కనీస వేతనానికి తగ్గకుండా రోజుకూలి ఇవ్వాలి. వారి పేర్లు గోడపై వ్రాయాలి.

3. కళాకారులు, పేట ప్రజలు, కాంట్రాక్టు కార్మికులతో సహా సిబ్బంది ప్రతినిధులు కూడిన స్థానిక సంఘమే చిత్ర విషయాన్ని నిర్ణయించాలి.

4. విద్యుత్ తీగల సమీపంలో కరెంటు నిలిపి, అనుభవజ్ఞులైన సిబ్బంది పర్యవేక్షణలో మాత్రమే పని జరగాలి. సీసం పరిమితి నిబంధనకు లోబడిన రంగులే వాడాలి.

5. ఆ గోడలను శుభ్రపరచే బాధ్యత కాంట్రాక్టు కార్మికులపై అదనపు పనిగా, జీతం లేకుండా మోపరాదు.

ఈ కోర్కెలు ఆమోదించిన చోట మన సభ్యులు కుటుంబాలతో సహా కుంచెలు పట్టుకొని వెళ్ళాలి. గోడ గీకడం, చెమ్మ పోగొట్టడం, ప్రైమరు పూయడం, కళాకారుడు గీసిన గీతల నడుమ రంగు నింపడం అందరూ చేయదగిన పనులే. మన ఆదివారాన్ని మనం సంతోషంగా ఇద్దాం. కళాకారుని పనిదినానికి మాత్రం రైల్వేశాఖ, తపాలాశాఖ కూలి చెల్లించి తీరాలి.