హీరోలు మారినా... ఆంజనేయులు మారలేదు!

'అమృతం' సీరియల్లో అమృతరావు ఎవరు? ఈ ప్రశ్న వేస్తే ఇంట్లో తలో పేరూ చెబుతారు. శివాజీరాజా అని ఒకరు, నరేష్ అని మరొకరు, కాదు హర్షవర్ధన్ అని ఇంకొకరు. ముగ్గురూ కరెక్టే! మరి ఆంజనేయులు? ఎవర్నడిగినా ఒక్కటే పేరు... గుండు హనుమంతరావు.

గుణ్ణం గంగరాజు సృష్టించిన ఈ సీరియల్ 2001లో జెమినీ టీవీలో మొదలై, 2007 దాకా తెలుగిళ్లను నవ్వించింది. అమృతరావుకి డబ్బు సంపాదించే ఐడియా తట్టడం, వద్దు వద్దంటూనే ఆంజనేయులు వెంట నడవడం, చివరికి ఇద్దరూ బోల్తాపడటం... తెలిసిన కథే. అయినా ప్రతివారం కొత్తగానే ఉండేది. అప్పాజీ ముందు నసుగుడు, భార్య శాంత దగ్గర బెరుకు, సర్వం మీద కోపం... హనుమంతరావుకి డైలాగే అక్కర్లేదు, మొహం చాలు.

విజయవాడ నుంచి వచ్చిన ఆయనకు 1987లో జంధ్యాల 'అహ నా పెళ్ళంట!' తెర తలుపు తెరిచింది. సినిమాల్లో ఎక్కువగా దక్కినవి రెండు మూడు సీన్లే. బుల్లితెర మాత్రం మనింటి మనిషిని చేసింది. హీరో పాత్రకు నటుడు మారిన ప్రతిసారీ, 'ఇది మన అమృతమే' అనే భరోసా ఇచ్చింది ఆ పక్కపాత్రే మరి!

2018 ఫిబ్రవరి 19న ఆయన కన్నుమూశారు. 2020లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు ఆ పాత్రను ఎల్బీ శ్రీరామ్ పోషించారు. అమృతరావు మారితే సర్దుకుపోయిన ప్రేక్షకులకు, ఆంజనేయులు మారితే మాత్రం మనసు చివుక్కుమంది. సహాయనటుడికి అంతకుమించిన అవార్డు ఏముంటుంది?